ప్యాచ్ వేసినా గాలి ఎందుకు దిగిపోయిందంటే

నిమ్మజాతి తోటల మధ్య దారుల్లో కత్తిరించి పడేసిన కొమ్మలుంటాయి. వాటి ముళ్లు సైకిల్ టైరుకు యముళ్లే. దూరప్రయాణంలో నా వెనక చక్రం అక్కడే తెగ విసిగించింది. ప్యాచ్ వేస్తాను, కాసేపు బాగుంటుంది, మళ్లీ గాలి దిగిపోతుంది. పాత ప్యాచ్ చెక్కుచెదరలేదు; కొత్త చిల్లు దాని పక్కనే!

అంటే ముల్లు ఇంకా టైరులోనే ఉందన్నమాట. విప్పేముందు వాల్వ్ ఎదురుగా టైరు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాను. ట్యూబుకు గాలికొట్టి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు తెలిసింది. వాల్వ్ నుంచి అక్కడికి ఎన్ని జానలో కొలిచి, టైరు లోపల అంతే దూరంలో వెతికాను. (ఎటువైపో అనుమానముంటే రెండువైపులా చూడాలి.) కంటికి ఏమీ కనబడలేదు. దూదితో తుడిస్తే పోగులు ఒకచోట పట్టుకున్నాయి. టైరును వెనక్కి వంచితే బయటపడింది విరిగిన ముల్లు మొన, నువ్వుగింజంత కూడా లేదు. బయటి నుంచి సూదితో లోపలికి తోసి, పట్టకారుతో లాగేశాను.

ప్యాచ్ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, దాని తడి మెరుపు పోయాకే అతికించాలి. తొందరపడితే అంచులు లేస్తాయి.

ఆ తర్వాత మట్టిదారిలోనూ గాలి నిలిచింది. ఇప్పుడు తోటలు దాటగానే ఆగి టైరు చుట్టూ ఓసారి చూస్తాను. పైపైన గుచ్చుకున్న ముల్లును అప్పుడే పీకేస్తే టెన్షన్ ఉండదు.