నెల్లూరు నుంచి మారిషస్ తీరానికి: టికెట్ కన్నా ముందు క్యాలెండరు

మారిషస్ వెళ్లాలనుకునేవారు మొదట టికెట్ ధర చూస్తారు. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి బయలుదేరేవారు అంతకన్నా ముందు క్యాలెండరు చూడాలి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మారిషస్‌లో తుపానుల కాలం నవంబరులో మొదలై ఏప్రిల్ వరకు ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో టికెట్ కొంటే ఇక్కడి వాయుగుండానికీ, అక్కడి తుపానుకూ రెండింటికీ సిద్ధపడి కొన్నట్టే. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు వద్ద రైలుపట్టాలు కొట్టుకుపోయి, రహదారి కూడా తెగి, చెన్నై వైపు రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయాన్నే మూసివేశారు.

నా లెక్కలో సెప్టెంబరు నెల, అక్టోబరులో మొదటి వారాలు అన్నిటికన్నా మేలు. జూలై, ఆగస్టు నెలలు అక్కడ చలికాలం. ఆగ్నేయపు గాలి తూర్పు తీరాన్ని గట్టిగా తాకుతుంది కాబట్టి, ఆ నెలల్లో వెళ్లేవారు పడమటనున్న ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వంటి చోట బస చూసుకోవాలి. ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినం. అక్కడి తెలుగువారి పండుగ చూడాలన్న కోరిక ఉంటే మార్చి, ఏప్రిల్ నెలల తుపాను భయాన్ని ఓర్చుకోక తప్పదు.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 300కు కాస్త అటూ ఇటూ. రైలులో వెళితే సెంట్రల్‌లో దిగి అక్కడి నుంచే మెట్రోలో విమానాశ్రయానికి చేరవచ్చు. కారులో వెళ్లేవారు నగర శివార్లలోని రద్దీకి కనీసం రెండు గంటలు అదనంగా ఉంచుకోవాలి. వానల నెలలైతే ముందురోజే చేరి చెన్నైలో పడుకోవడం మంచిది. ముంబయిలో విమానం మారవలసి వస్తే మొత్తం ప్రయాణాన్ని ఒకే టికెట్ మీద కొనండి. విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఆ నష్టం సాధారణంగా మన మీదే పడుతుంది. ముంబయి నుంచి మారిషస్‌కు ఆరున్నర గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడి సమయం మనకన్నా గంటన్నర వెనుక మాత్రమే కాబట్టి నిద్ర పెద్దగా దెబ్బతినదు. గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నడవడం, మంచినీళ్లు తాగుతూ ఉండడం చాలు.

పర్యాటకులుగా వెళ్లే భారతీయులు వీసా ముందుగా తీసుకోనక్కరలేదు. అయితే తిరుగు టికెట్, బస కాగితాలు ముద్రించి చేతిలో ఉంచుకోవాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవాలి.

సామాను దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు నేనూ చేశాను. పచ్చళ్లను మూడు కవర్లలో చుట్టి, పెట్టె తూకం రెండుసార్లు చూసుకుని వెళితే, కౌంటరు దగ్గర పెట్టె తెరిపించి, అడుగున వక్కపొట్లాల పక్కన ఉన్న రెండు ఎండుకొబ్బరి చిప్పలను బయట పెట్టించారు. నూనె ఎక్కువగా ఉండడం వల్ల ఎండుకొబ్బరి మండే స్వభావం గల వస్తువుల కిందికి వస్తుంది. కారప్పొడి చేతి సంచిలో పెట్టకూడదు. పవర్‌బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. దుబాయి మీదుగా వెళ్లేవారు మసాలాలో గసగసాలు లేకుండా చూసుకోవాలి. అక్కడ అవి నిషిద్ధం. మారిషస్‌లో చాలాచోట్ల ప్లగ్గులు బ్రిటన్ తరహావి, మూడు చదరపు పిన్నులవి; అడాప్టరు ఇక్కడే కొనుక్కోవడం నయం.

మైపాడులోనో కొత్తపట్నంలోనో అలల్లో తడిసి పెరిగినవారికి అక్కడి నీళ్లు చెరువులా అనిపిస్తాయి. ద్వీపం చుట్టూ చాలా భాగం పగడపు దిబ్బలు ఉండి, అలలను దూరంలోనే ఆపేస్తాయి. అలాగని వట్టి కాళ్లతో దిగకండి. నీటి అడుగున ఉర్చిన్లు అనే, ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవులు ఉంటాయి, రబ్బరు అడుగున్న బూట్లు తీసుకెళ్లాలి. సిలిండరు కట్టుకుని లోతుకు దిగే స్కూబా డైవింగ్‌ను యాత్ర మొదట్లోనే ముగించండి. ఒకటికన్నా ఎక్కువ సార్లు దిగినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి. లేకపోతే రక్తంలో మిగిలిన నైట్రోజన్ విమానంలోని తక్కువ పీడనానికి బుడగలు కట్టవచ్చు. ఆఖరి రోజున ఒడ్డున కూర్చోవడమో, సరుకులు కొనుక్కోవడమో పెట్టుకోండి.