అల్లూరి జయంతికి ఊళ్లో విగ్రహాన్ని సిద్ధం చేయడం ఎలా

జులై 4న దండ వేయడం అయిదు నిమిషాల పని. విగ్రహం పని మాత్రం మే 7న, వర్ధంతికి నలుగురూ చేరినప్పుడే మొదలవ్వాలి. వానలు పట్టుకున్నాక సిమెంటు ఆరదు. తడి మీద కొట్టిన రంగు బుడగలెత్తి పొరలుగా ఊడిపోతుంది.

సబ్బునీళ్లతో, నైలాన్ బ్రష్‌తో పైనుంచి కిందికి కడగండి. యాసిడ్ సిమెంటును తినేస్తుంది. ఇనుప బ్రష్‌తో రుద్దితే గడ్డం, జుట్టు గీతలు అరిగిపోతాయి. కంచు విగ్రహమైతే సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. చింతపండుతో తోమారంటే దాన్ని కాపాడే పైపొర పోతుంది.

అసలు జబ్బంతా విల్లు దగ్గరే. సన్నటి సిమెంటు లోపలి ఇనుప చువ్వకు నీరు తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన పెచ్చులూడతాయి. పుట్టీ పూసి వదిలేస్తే మళ్లీ అక్కడే పగులుతుంది. వదులైనదంతా కొట్టేసి, చువ్వను ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ పూయండి. అది ఆరాక ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు సన్న ఇసుకతో మూసి, వారం రోజులు తడి గోనె చుట్టి ఉంచండి. మూడు వారాలు ఆరనిచ్చి, జూన్ మొదట్లో ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక పూత, ఎమల్షన్ రెండు పూతలు వేయండి. పూతకూ పూతకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. మెరుస్తుందని ఆయిల్ పెయింట్ వేయించకండి, లోపలి తేమను బయటికి పోనివ్వదు.

దండకు ముందే తాడుతో కొలత తీసుకోండి. నిచ్చెనను విల్లుకు గానీ చేతికి గానీ ఆనించకూడదు. తీగతో కట్టిన దండలు రంగును గీరేస్తాయి. మర్నాడే దండలు తీసేయాలి, వానకు కుళ్లిన పూల మరక వదలదు.

దిమ్మె మీది పలకను కూడా సరిచూడండి, తప్పులు ఎక్కువగా ఉండేది అక్కడే. స్వగ్రామం మోగల్లు, 1897 జులై 4న పుట్టింది పాండ్రంగిలో. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. పోడుపై ఆంక్షలు, రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టడం మన్యాన్ని రగిలించాయన్న ఒక్క వాక్యమైనా ఉండాలి. అల్లూరి ముఖ్య అనుచరులు గాం గంటందొర, మల్లుదొర పేర్లు లేని పలక సగమే చెప్పినట్టు. ఆ మల్లుదొరే 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. రాయించే ముందు అక్షరాలూ తేదీలూ ఊరి బడి మాస్టారితో ఒకసారి చదివించండి.