పి విలువ మరీ బాగా వచ్చిందా? ముందు రైతుల్ని లెక్కపెట్టండి

హన్మకొండలో పీజీ ప్రాజెక్టుల డేటా చూసిపెట్టడం నాకు ఎప్పటినుంచో అలవాటు. నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే తిప్పలు ఇవీ.

సగటు నమ్మేలా లేదు

మిర్చి తేమ 11 శాతం దగ్గర ఉండాలి, సగటేమో 13.5 చూపిస్తోంది. కనిష్ఠం, గరిష్ఠం చూశావా అంటే అవతల చప్పుడుండదు. కాలమ్‌ను సార్ట్ చేస్తే అర నిమిషంలో దొరుకుతుంది: 11.2 కొట్టబోయి 112 కొట్టారు. నలభై రీడింగుల్లో అదొక్కటే సగటును రెండున్నర పెంచేస్తుంది. మధ్యగతం మాత్రం దాదాపు కదలదు, కాబట్టి రెండూ పక్కపక్కన వేసుకుంటే దొంగ దొరుకుతాడు. సగటు మరీ తగ్గితే, ఖాళీ గడుల్లో సున్నాలు నింపారేమో చూడండి. నోటుబుక్కులో అసలు అంకె చూసి దిద్దండి. నచ్చలేదని తీసేయకండి.

ఎస్‌డీ మరీ చిన్నగా ఉంది

అది ఎస్‌డీ (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం) కాదు, ప్రామాణిక దోషం (సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది; ఎస్‌డీని రీడింగుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వస్తుంది). ఎస్‌డీ 2, రీడింగులు 25 అయితే ప్రామాణిక దోషం 0.4. పట్టికలో ఏది వేశారో పేరు రాయండి, అయిపోతుంది.

తేడా చూస్తే కొంచెమే, పి విలువ మాత్రం 0.001 కన్నా తక్కువ

నన్ను ముంచింది ఇదే. మిర్చిని టార్పాలిన్ మీద ఆరబెట్టడం మంచిదా, కల్లంలో నేల మీదనా అన్నది ఒక విద్యార్థిని ప్రాజెక్టు. ఒక్కో పద్ధతికి 60 తేమ రీడింగులు. రెండు సగటుల తేడాను తూచే టి పరీక్ష చేసిచ్చింది నేనే. పి విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) చూసి ఇద్దరం సంబరపడ్డాం. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒకటే అడిగారు: "ఎంతమంది రైతులమ్మా?" ఆరుగురు. ఒక్కో పద్ధతికి ముగ్గురు, ఒక్కొక్కరి కుప్పలో 20 రీడింగులు.

ఒకే కుప్పలోని ఇరవై రీడింగులు ఇరవై సాక్ష్యాలు కావు. ఆ రైతు ఏ రోజు కోశాడు, ఎన్ని రోజులు ఎండబెట్టాడు, మధ్యలో చినుకు పడిందా అన్నవి ఇరవైకీ ఒకటే. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు, అరవై విడివిడి రీడింగులనుకుని ప్రామాణిక దోషాన్ని కుదించేస్తుంది. జీవావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984లో దీనికి సూడో రెప్లికేషన్ (నకిలీ పునరావృతం) అని పేరు పెట్టాడు.

పరిష్కారానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రైతుకొక సగటు తీయండి. మాకు టార్పాలిన్ వైపు 9.8, 10.4, 11.6 వచ్చాయి; నేల వైపు 10.9, 11.5, 12.4. తేడా అదే 1 శాతం. ఈ ఆరు అంకెల మీద టి పరీక్ష చేస్తే పి విలువ 0.2 దాటింది. 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఎంత ఉండొచ్చో చెప్పే హద్దులు) -0.9 నుంచి 2.9 దాకా పోయింది. అంటే తేడా లేదని తేలినట్టు కాదు. ఉందో లేదో చెప్పడానికి ఆరుగురు చాలలేదు, అంతే. చాలామంది ఇక్కడ మళ్లీ జారిపడి "తేడా లేదు" అని రాసేస్తారు. రీడింగులన్నీ వాడాలనే పట్టుంటే రైతును యాదృచ్ఛిక ప్రభావంగా పెట్టి మిక్స్‌డ్ మోడల్ (ఏ రీడింగు ఏ రైతుదో కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) నడపండి. కానీ ఆరుగురు ఆరుగురే.

ఇంకా డేటా తీయనివాళ్లు అదృష్టవంతులు. ఆరుగురి దగ్గర ఇరవై చొప్పున కాకుండా ఇరవై మంది దగ్గర ఆరు చొప్పున తీయండి. మీటరు గుచ్చడం 120 సార్లే, పెరిగేది నర్సంపేట బస్సు ఛార్జీలే. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో తీసినా లెక్క ఇదే: ఒకే రైతు తెచ్చిన పది బస్తాలు పదిమంది రైతులు కారు.

ఇవేవీ కాకపోతే

రెండు వైపులా ఎస్‌డీలు బాగా వేరైతే, అవి సమానమని అనుకోని టి పరీక్ష, అంటే వెల్చ్ పరీక్ష వాడండి. ఒకే దిక్కున తేడా వెతికే ఒకవైపు పరీక్ష ఎంచుకుని మరిచిపోయినవాళ్లూ అరుదుగా ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుందని వచ్చినవాళ్లను మాత్రం ముందు కాలమ్ సార్ట్ చేసుకుని రమ్మని పంపిస్తాను.