మే నెల జీతాలకు జూన్‌లోనే లెక్క: బడ్జెట్ స్కూలు కరస్పాండెంట్లకు

తక్కువ ఫీజుతో నడిచే ప్రైవేటు బడి, అంటే బడ్జెట్ స్కూలు, కష్టం జూన్‌లో కనిపించదు. అడ్మిషన్ల డబ్బు వస్తూ ఉంటుంది, ఆఫీసు గది ముందు తల్లిదండ్రులు బారులు తీరి ఉంటారు. అసలు సంగతి ఏప్రిల్ చివర్లో బయటపడుతుంది. ఏడాది చివరి ఎస్‌ఏ-2 పరీక్షలు అయిపోయాక ఫీజు కట్టడానికి ఎవరూ రారు. జీతాలు, అద్దె, బస్సుల ఖర్చు మాత్రం ఆగవు. ఆ గండం దాటే లెక్క కొత్త ఏడాది బడి తెరవకముందే, సంక్రాంతి సెలవులు అయిన వారంలోనే వేసుకుని, జూన్ నుంచే డబ్బు పక్కన పెడుతూ రావాలి.

ముందు ఖర్చు చూద్దాం. నర్సరీ నుంచి 7వ తరగతి దాకా పది సెక్షన్లు, 300 మంది పిల్లలు ఉన్న బడి అనుకోండి. సగటున 14,000 జీతంతో 13 మంది టీచర్లు, 22,000కు హెచ్ఎం, 8,000 చొప్పున ముగ్గురు ఆయాలు, 12,000కు ఆఫీసులో ఒకరు. నెలకు 2,40,000, ఏడాదికి 28,80,000. హెచ్ఎం కుర్చీలో కరస్పాండెంటే కూర్చున్నా ఆ 22,000 రాయాల్సిందే. ఇంటి ఖర్చుకు ఫీజు డబ్బాలో చెయ్యి పెట్టే అలవాటు ఉన్నచోట ఏ లెక్కా నిలవదు.

అద్దె నెలకు 60,000 అయితే ఏడాదికి 7,20,000. కరెంటు, ఇంటర్నెట్, మరమ్మతులకు ఏడాదికి 2,40,000. డ్రైవర్లు, క్లీనర్లతో కలిపి సిబ్బంది 20 మందికి చేరితే పీఎఫ్ తప్పనిసరి. యాజమాన్యం వాటా 12 శాతం, పైన నిర్వహణ చార్జీలు, కలిపి నెలకు 30,000 దాకా, ఏడాదికి 3,60,000. చాలామంది మరిచిపోయేది గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసిన వారికి ఇచ్చే సొమ్ము. టీచర్లకు గ్రాట్యుటీ ఇచ్చే 2009 సవరణను 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చవేయాలి. 14,000 జీతంతో పదేళ్లు చేసి మానేసిన టీచరుకు దాదాపు 80,770 ఒక్కసారిగా ఇవ్వాలి. అందుకు నెలకు 11,500 పక్కన పెడితే ఏడాదికి 1,38,000. అన్నీ కలిపితే 43,38,000. అనుకోని ఖర్చులకు 1,62,000 వేసుకుంటే సరిగ్గా 45 లక్షలు.

ఉమ్మడి ఏపీ ప్రభుత్వం ఇచ్చిన 1994 నాటి జీఓ నం.1 ప్రకారం ఫీజు ఆదాయంలో 50 శాతం జీతాలకు, 15 నిర్వహణకు, 15 అభివృద్ధికి, 15 సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీలకు, 5 యాజమాన్యానికి. పై లెక్కలో జీతాలే 64 శాతం. అద్దె భవనంలో నడిచే చిన్న బడి ఆ నిష్పత్తిలో ఇమడటం కష్టమే. అయినా తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు కాబట్టి ఖాతాలు ఆ పద్దుల కిందే రాయండి.

ఇక ఫీజు. 45 లక్షలను 300తో భాగించి 15,000 అని బోర్డు మీద రాయడమే పెద్ద తప్పు. అన్నదమ్ములకు, స్టాఫ్ పిల్లలకు ఇచ్చే రాయితీలన్నీ కలిపితే 25 పూర్తి ఫీజులు పోయినట్టు. దసరాలోపు మరో 8 మంది మానేస్తారు. మిగిలిన 267లో 8 శాతం బకాయి పడుతుంది. నిజంగా చేతికొచ్చేది 246 ఫీజులు. 15,000 చొప్పున 36,90,000. లోటు 8,10,000, అంటే మూడు నెలల జీతాల కంటే ఎక్కువ. 45 లక్షలు రావాలంటే ఫీజు 18,300 ఉండాలి. ఒకేసారి అంత పెంచితే పాత పిల్లలు పోతారు. కొత్త ఎల్‌కేజీకి పూర్తి ఫీజు పెట్టి, పాతవాళ్లకు రెండు మూడేళ్లలో సర్దండి. ఏపీలో విద్యాహక్కు చట్టం ప్రకారం పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్ల కింద చేరినవారికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము బ్యాంకులో పడేదాకా ఆదాయంగా రాయకండి.

ఎల్‌కేజీ హాజరుపట్టీ మీద మాత్రం ఓ కన్నుండాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన సాఫల్య రేటు (ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య) ఏపీలో 1.7, తెలంగాణలో 1.8. పిల్లలే తగ్గుతున్నారు. 30 మంది చేరాల్సిన ఎల్‌కేజీలో 18 మందే చేరితే ఏడాదికి 2,19,600 పోయినట్టు, ఆ బ్యాచ్ 7వ తరగతి దాటేదాకా ప్రతి ఏటా అంతే. మేలో టీచర్లను ఎండలో ఇంటింటికీ తిప్పినంత మాత్రాన ఇది పూడదు. నర్సరీ, ఎల్‌కేజీ కలిపి ఒకే సెక్షన్ నడపాలా అన్నది జనవరిలోనే తేల్చుకోండి.

వసూలు నాలుగు వాయిదాల్లో: జూన్‌లో 40 శాతం, దసరాకు ముందు 25, డిసెంబర్‌లో 20, ఫిబ్రవరిలో 15. వరి, పత్తి పండే ఊళ్లలో పంట డబ్బు వచ్చాకే కట్టగలరు కాబట్టి డిసెంబర్ వాయిదానే పెద్దది చేయండి. గడువు దాటిన 15వ రోజునే ఫోన్ చేయాలి. మూడు నెలలు ఊరుకుంటే బకాయి మొండిదవుతుంది. ఫోన్ ఆఫీసు నుంచే వెళ్లాలి, క్లాస్ టీచర్ చేత అడిగించకండి, తరగతిలో పేరు చదివించకండి. వాళ్లు చెప్పిన తేదీని రిజిస్టర్‌లో రాసుకుని అదే రోజు మళ్లీ అడగండి. టీసీ ఆపి ఫీజు రాబట్టొచ్చనుకుంటే పొరపాటు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం 8వ తరగతి దాకా చదివే పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ రాలేదని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు కూడా.

వేసవి నిధికి వేరే ఖాతా తెరవండి. ఏప్రిల్, మే జీతాలు పీఎఫ్‌తో 5,40,000, అద్దె 1,20,000, మొత్తం 6,60,000. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలలు నెలకు 73,500 చొప్పున వేస్తే సరిపోతుంది. పది నెలలకే జీతమిచ్చి చేతులు దులుపుకునే బడిలో మంచి టీచర్లు మేలో వెళ్లిపోతారు, వాళ్ల వెనకే పిల్లలూ వెళ్తారు.

బస్సుల లెక్క దీనిలో కలపకండి. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. టైర్లు, ఇన్సూరెన్స్ ఖర్చు కూడా చాలాచోట్ల ఆ నెలలోనే మీద పడుతుంది. రవాణా ఫీజులోంచి బస్సుకింత అని ప్రతి నెలా విడిగా తీసి ఉంచాలి. ఏప్రిల్ చివరి వారంలోనే మెకానిక్‌కు చూపించి, ఫిట్‌నెస్‌కు స్లాట్ బుక్ చేసుకోండి. జూన్ మొదటి వారానికి వదిలేస్తే ఆర్టీఏ ఆఫీసు దగ్గర జిల్లాలోని బస్సులన్నీ క్యూలో ఉంటాయి.