బేర్‌ఫుట్ షూలకు మారాక నొప్పులా? ముందు ఇవి చూడండి

బేర్‌ఫుట్ షూలంటే మడమ ఎత్తు లేకుండా, పలుచటి సోల్‌తో, వేళ్లు విచ్చుకునేంత వెడల్పుగా ఉండేవి. ఏ నొప్పి సంగతైనా తర్వాత. ముందు షూలోంచి ఇన్‌సోల్ (అరికాలి కింద ఉండే లోపలి అట్ట) బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. అన్నిటికంటే ముందుకున్న వేలికి, ఇన్‌సోల్ చివరకి మధ్య 8 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఏ వేలూ పక్క అంచు దాటకూడదు. ముందుకున్నది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలే పొడవు. పాదం కాస్త ఉబ్బే సాయంత్రం పూట చూడటం మేలు. ఇన్‌సోల్ ఊడిరాకపోతే కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, షూ సోల్‌ను దాని మీద పెట్టండి. ఒక నిమిషం పని. దీన్ని వదిలేసి నెలల తరబడి వ్యాయామాలు మారుస్తూ పోతే ఏం లాభం? ఇరుకు షూలో వేళ్లు విచ్చుకోవు, విచ్చుకోకపోతే పలుచటి సోల్ వల్ల వచ్చే మేలూ లేదు.

పిక్కలు పట్టేస్తున్నాయి, మడమ వెనక లాగుతోంది

మామూలు రన్నింగ్ షూలో మడమ, ముందరి పాదం కంటే దాదాపు 8 నుంచి 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. బేర్‌ఫుట్ షూలో ఆ తేడా సున్నా. పిక్క మరింత సాగాలి, ఎక్కువ పని చేయాలి. మొదటి రెండు వారాలు రెండు కాళ్లకూ సమానంగా నొప్పి వచ్చి, రెండు రోజుల్లో తగ్గిపోతుంటే కంగారు పడక్కర్లేదు.

తగ్గకపోతే మీ అడుగు చూసుకోండి. ‘ముందరి పాదంతో దిగాలి’ అన్న మాట పట్టుకుని మడమను గాల్లోనే ఉంచేస్తే పిక్కకు క్షణం విశ్రాంతి దొరకదు. పరుగులో ముందరి పాదం ముందు తాకినా సరే, ప్రతి అడుగులోనూ మడమ నేలకు ఆనాలి. నడకలోనైతే మడమే ముందు. దానితోపాటు మెట్టు అంచున నిలబడి రెండు కాళ్ల మునివేళ్ల మీద లేచి, ఒంటికాలి మీద మూడు సెకన్లు తీసుకుంటూ దిగండి. 15 సార్ల చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు.

మడమ వెనక, పిక్కను మడమకు కలిపే తాడులాంటి స్నాయువు ఉదయం పూట బిగుసుకుపోయి, పట్టుకుంటే ముద్దలా తగులుతుంటే మాత్రం బలవంతంగా సాగదీయొద్దు. పాత షూలకు వెళ్లి పరుగు తగ్గించండి.

పాదం పైభాగంలో నొప్పి

అసలు మోసం చేసేది ఇదే. మొదట లేసులు వదులు చేయండి. నొప్పి లేసు కింద అడ్డంగా ఉండి, వదులు చేయగానే తగ్గితే, ఆ చోట లేసు అడ్డంగా పడకుండా ఒక రంధ్రం వదిలి కట్టుకోండి, సరిపోతుంది.

తగ్గలేదా? రెండో, మూడో వేళ్ల వెనకున్న పొడుగాటి ఎముకల మీద ఒక్క వేలితో నొక్కుతూ రండి. పాదమంతా కాకుండా ఒకే ఒక్క చోట ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది ఎముక అలసట, అంటే పదేపదే పడే భారానికి ఎముక దెబ్బతినడం కావచ్చు. పగులుకు ముందు మెట్టు కావచ్చు, పగులే కావచ్చు. ఒంటికాలి మీద గెంతి పరీక్షించుకోకండి.

ఇది సాధారణంగా కొన్ని వారాలు గడిచాక మొదలవుతుంది. కారణం లెక్క తప్పడం. కొత్త బరువు పడితే శరీరం ముందు ఎముకలోని పాత భాగాన్ని కరిగిస్తుంది, తర్వాతే కొత్తది కడుతుంది. కరిగించడం కొన్ని వారాల్లో అయిపోతుంది. కట్టడానికి నెలలు పడుతుంది. అంటే మధ్యలో కొన్నాళ్లు ఎముక మునుపటికంటే బలహీనం. సరిగ్గా అప్పుడే పిక్కల నొప్పి పోతుంది. కాలు అలవాటు పడిందనుకుని దూరం పెంచేస్తారు. అలవాటు పడింది కండ మాత్రమే. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, వేళ్లకు విడివిడి గూళ్లున్న పలుచటి షూలకు 10 వారాల్లో క్రమంగా మారిన 19 మంది రన్నర్లకు ఎమ్మారై తీస్తే, 10 మందికి పాదం ఎముకల మజ్జలో వాపు పెరిగింది. నొప్పి లేదంటే ఎముక సిద్ధమైందని కాదు.

ఇంకో తప్పు, పరుగును మాత్రమే లెక్కేయడం. గట్టి నేల మీద ఎనిమిది గంటలు అవే షూలతో నిలబడితే ఆ భారమూ ఎముకే మోయాలి.

వచ్చాక చేయాల్సింది: పరుగు ఆపి, సోల్ వంగని గట్టి షూలోకి మారి, డాక్టర్‌కు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అని మళ్లీ పరిగెత్తకండి. నొప్పి అక్కడే ఉంటే ఎమ్మారై అడగండి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి కావాలి.

రాకుండా ఉండాలంటే: మొదటి మూడు వారాలు రోజుకు 20-30 నిమిషాల నడక మాత్రమే. తర్వాత వారం మొత్తం పరుగులో పదో వంతు ఈ షూలతో. వారానికి 20 కిలోమీటర్లు పరిగెత్తేవారికి రెండు కిలోమీటర్లు, అదీ రెండు రోజులుగా. రెండేసి వారాలకు ఇంకో పదో వంతు కలపండి, మొత్తం దూరం మాత్రం పెంచకండి. నొక్కి చూసే పరీక్ష వారానికోసారి చేయండి.

ముందరి అరికాలు మంట

అడుగు దూరంగా వేస్తున్నారు, లేదా నేలను కాలితో గీరుతున్నారు. అడుగు చిన్నది చేసి, నిమిషానికి పడే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచండి. అడుగు చప్పుడు తగ్గితే సరైన దారిలోనే ఉన్నట్టు.

ఉదయం మొదటి అడుగుకే మడమ కింద పోటు

మంచం దిగకముందే వేళ్లను చేత్తో వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోండి, పది సార్లు. తగ్గేదాకా ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి.

మూడు, నాలుగు వేళ్ల మధ్య తిమ్మిరి, రాయి తొక్కినట్టు ఉంటే ముందు షూ వెడల్పు చూడండి. షూ వెడల్పు సరిచేసినా పోకపోతే డాక్టర్ దగ్గరికే. షుగర్ వల్ల అరికాలి స్పర్శ తగ్గినవారు మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా ఈ షూల జోలికే వెళ్లొద్దు. పలుచటి సోల్‌లోంచి గుచ్చుకున్నదేదో తెలియకుండానే పుండు పడుతుంది.