క్రేన్ పిలిచే ముందు టేపు తియ్యండి

"అన్నా, 14 టన్నుల హైడ్రా గంటకి ఎంత?" అని ఫోన్ చేస్తే (హైడ్రా అంటే లోడు పట్టుకుని నడిచే చిన్న క్రేన్) రేటైతే చెప్తారు, అది మీ పనికి సరిపోతుందో లేదో వాళ్ళకేం తెలుస్తుంది. ఆ 14 టన్నులు బండికి బాగా దగ్గర్లో, బూమ్ (క్రేన్ చెయ్యి) మూసి ఉన్నప్పటి లెక్క. బూమ్ సాగేకొద్దీ, హుక్ దూరం జరిగేకొద్దీ కెపాసిటీ దారుణంగా పడిపోతుంది. అందుకే ముందు బరువు, దూరం, ఎత్తు చూస్కోండి.

ఒక ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చిన కాంక్రీట్) బీమ్ అనుకుందాం, పొడవు 6 మీటర్లు, వెడల్పు 0.3, లోతు 0.6. అంటే 1.08 క్యూబిక్ మీటర్లు, ఆర్‌సీసీ క్యూబిక్ మీటరుకి రెండున్నర టన్నులు కాబట్టి 2.7 టన్నులు. హుక్ బ్లాక్, బెల్టులు, షాకిళ్ళకి (బెల్టులు తగిలించే ఇనుప కొక్కేలు) ఇంకో 300 కిలోలు (చాలామంది మర్చిపోయేది ఇదే), మొత్తం 3 టన్నులు. లోడ్ చార్టులో (ఏ దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక) చూపిన బరువులో 80 శాతం దాటొద్దనుకుంటే 3ని 0.8తో భాగించండి, 3.75 టన్నులు వస్తుంది, చార్టులో కనీసం అంత ఉండాలి.

ఇప్పుడు క్రేన్ తిరిగే సెంటర్ నుంచి బీమ్ దిగే చోటికి నేలమీద టేపు పెడితే 9 మీటర్లు వచ్చిందనుకోండి. బీమ్ కూర్చునే ఎత్తు 9 మీటర్లు, దానిపైన బీమ్ లోతు, బెల్టులు, హుక్, కాస్త ఖాళీ కలిపితే బూమ్ కొన 14 మీటర్ల దగ్గర ఉండాలి, బూమ్ మొదలయ్యేది సుమారు 2 మీటర్ల ఎత్తులో కాబట్టి నిలువు 12, అడ్డం 9, బూమ్ 15 మీటర్లు. 9 మీటర్ల దూరంలో 3.75 టన్నులంటే హైడ్రా వల్ల కాదు, 20-25 టన్నుల టెలిస్కోపిక్ క్రేన్ చూస్కోవాలి, అదీ లోడ్ చార్టు వాట్సాప్‌లో తెప్పించుకుని చూశాకే. నల్లరేగడి నేలైతే అవుట్‌రిగ్గర్ల (క్రేన్ పక్కలకి చాపే కాళ్ళ) కింద ప్లేట్లు ఎవరు తెస్తారో కూడా అడగండి, పైన కరెంటు తీగలుంటే ముందే చెప్పండి.

రేటు సంగతికొస్తే గంట రేటు ఒక్కటే చూస్తే మునిగిపోతాం. మినిమం ఎన్ని గంటలు, గంటల లెక్క యార్డు నుంచా సైటు నుంచా, రానుపోను చార్జీ, డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బత్తా, ఓవర్‌టైమ్, పైన 18 శాతం జీఎస్టీ, అన్నీ రాయించుకోండి. నెలకి తీసుకుంటే మామూలుగా 26 రోజులు, రోజుకి 10 గంటలు, అంటే 260 గంటలతో భాగిస్తే అసలు గంట రేటు తెలుస్తుంది.

నేనొకసారి ఇవేం అడక్కుండా రెండు గంటల పనికి మినిమం కింద ఎనిమిది గంటల బిల్లు కట్టా. ఇప్పుడు క్రేన్ వచ్చే రోజుకి ట్యాంకు, జనరేటరు, పైకెక్కాల్సిన స్టీలు అంతా రెడీగా పెట్టిస్తున్నా, ఎలాగూ ఎనిమిది గంటలకి కడుతున్నాం కదా.