హెచ్-ఇండెక్స్ పక్కన పెట్టి గైడ్‌ని ఎంచుకోవడం ఎలా

మొన్న ఆదివారం మా మేనకోడలు తార్నాకలో మా ఇంటికొచ్చి ఎక్సెల్ షీటొకటి తెరిచింది. సూక్ష్మజీవుల జీవక్రియ మీద పీహెచ్‌డీ చేద్దామని ఏడుగురు గైడ్ల పేర్లు రాసుకుంది, పక్కన హెచ్-ఇండెక్స్. "మావయ్యా, అందరికంటే ఎక్కువున్నాయనకి మెయిల్ పెట్టేయనా?" అంది. ఇరవై రెండేళ్లు అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్నవాణ్ణి. తట్టి చూడకుండా పుచ్చకాయ కొంటావా అన్నాను.

ఒక పేపర్‌ని వేరే పేపర్ పేర్కొంటే అదొక సైటేషన్. ఒకరికి కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. వయసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు.

ముందు, ఆ పేపర్లన్నీ ఆ మనిషివేనా చూడండి. మన పేర్లతో ఇదో తలనొప్పి. ఇంటిపేరు ముందొస్తుంది, పొడి అక్షరాలు మారుతుంటాయి, కె. రావులు, పి. రెడ్డిలు కొల్లలు. ఒకసారి నేనే ఇద్దరి పేపర్లు ఒకరి ఖాతాలో కలిపేసి, అదే లిస్టు కమిటీకి పంపి తిట్లు తిన్నాను. ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఉంటే దాంతోనే వెతకండి.

తర్వాత గూగుల్ స్కాలర్‌లో ఎక్కువ సైటేషన్లున్న అయిదు పేపర్లు తీసి, ఏది సమీక్ష, ఏది పద్ధతి, ఏది కొత్త సంగతి అని విడదీయండి. మాస్ స్పెక్ డేటాలో పీకులు (గ్రాఫులో శిఖరాలు) వెతికే ఎక్స్‌సీఎంఎస్ సాఫ్ట్‌వేర్ పేపర్ 2006లో వచ్చింది. వాడిన ప్రతివాళ్లూ దాన్ని పేర్కొంటారు కాబట్టి సైటేషన్లు వేలల్లో ఉంటాయి. పద్ధతి కనిపెట్టడం చిన్న పనేం కాదు. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. అది చేతిలో ఉండబట్టే కండరంలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. ఇక రచయితల వరసలో మీరు చూస్తున్న గైడ్ పేరు చివరుంటే ల్యాబు ఆయనది అనుకోవచ్చు. మధ్యలో ఉంటే శాంపిళ్లు నడిపిపెట్టి ఉండొచ్చు, నాలాగా.

ఇప్పుడు ఆ పేపర్‌ని ఎవరెవరు పేర్కొన్నారో చూపే "సైటెడ్ బై" నొక్కి, ఓ పది పేపర్లలో ఆయన్ని ఏ వాక్యంలో తలిచారో చదవండి. ఉపోద్ఘాతంలో గుంపులో గోవిందయ్యలా ఒక నంబరుగా ఉంటే పెద్దగా లెక్కలోకి తీసుకోకండి. ఆయన ఇచ్చిన అంకె మీద వాళ్లు తమ లెక్క కట్టారంటే అది అసలు ప్రభావం. 2009లో ప్రిన్స్‌టన్‌లో రాబినోవిట్జ్ బృందం ఈ. కోలై బ్యాక్టీరియా కణాల్లో వందకు పైగా మెటబోలైట్ల (జీవక్రియలో పాల్గొనే చిన్న అణువుల) గాఢత కొలిచింది. గ్లూకోజు మీద పెంచినప్పుడు గ్లుటమేట్ ఒక్కటే 96 మిల్లీమోలార్ ఉంది. ఎంజైములు, జీవక్రియ మోడళ్ల మీద పనిచేసేవాళ్లు ఆ పట్టికను ఇప్పటికీ తెరుస్తుంటారు.

తర్వాత మెథడ్స్ విభాగం. చాలామంది దాటేసేది ఇదే, నేను ముందు తెరిచేదీ ఇదే. బ్యాక్టీరియాలో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) సెకన్లలో ఖర్చయి మళ్లీ తయారవుతుంది. కల్చర్‌ని పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఏటీపీ కొలిచామంటే, కొలిచింది సెంట్రిఫ్యూజ్ పెట్టిన బాధనే. చప్పున ఫిల్టర్ చేసి చల్లటి సాల్వెంట్లో ముంచారా చూడండి. చల్లటి మెథనాల్ పోసి ఆ తర్వాత కణాలు వేరు చేస్తే, లోపలివి బయటికి కారిపోతాయి. దాన్ని సరిచూశారా చూడండి.

"400 మెటబోలైట్లు గుర్తించాం" అంటే వెంటనే నమ్మకండి. ల్యూసిన్, ఐసోల్యూసిన్ బరువు ఒక్కటే, బరువొక్కటే చూసి ఏదో చెప్పలేం. 2007లో కుదిరిన ప్రమాణాల ప్రకారం మొదటి స్థాయి గుర్తింపు అంటే అసలు పదార్థాన్ని అదే మిషన్‌లో నడిపి పోల్చి ఉండాలి.

ఇంకోటి. ఒక మెటబోలైట్ ఎక్కువైందంటే దాని తయారీ పెరిగిందనేనా? హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బళ్లు ఎక్కువున్నాయంటే రోడ్డు జోరుగా నడుస్తోందనా, ఆగిపోయిందనా? వేగం తెలియాలంటే కార్బన్-13 (కాస్త బరువెక్కువ కార్బన్) ఉన్న గ్లూకోజు పెట్టి ఎటు పోతోందో చూడాలి. ఆ తేడా తెలిసి రాసే గైడ్ దొరికితే వదలకండి.

ముడి డేటా మెటబోలైట్స్ (MetaboLights) లాంటి ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టారా? నంబరిస్తే డౌన్‌లోడ్ చేసి చూడండి. పాత విద్యార్థులు ఒకరిద్దరితో చాయ్ తాగండి. థీసిస్‌కి ఎన్నేళ్లు పట్టిందో వాళ్లే చెబుతారు.

సాయంత్రానికి ఏడుగురు ముగ్గురయ్యారు. షీటులో మొదటి వరసలో ఉన్నాయన ఆ ముగ్గురిలో లేరు. నాలుగో వరసలో ఉన్న మేడమ్‌కి మెయిల్ పెట్టింది: "మీ పేపర్లో కల్చర్ ఫిల్టర్ చేయడానికి ఎన్ని సెకన్లు పట్టింది మేడమ్?" ఇంకా జవాబు రాలేదు. రోజుకి నాలుగుసార్లు ఇన్‌బాక్స్ చూసుకుంటోంది.